డ్రాగన్‌కి జీను కట్టేశారు!

నిన్నటి కథల్లో అది ఊళ్లు మింగే భూతం. నేటి కథల్లో వీపు మీద ఎక్కించుకుని ఆకాశమంతా తిప్పే నేస్తం. నిప్పులు కక్కే ఆ మహాసర్పం ఎప్పుడు మెత్తబడింది? అది మెత్తబడితే మనకు దక్కిందేంటి, పోయిందేంటి?

రోజుకు రెండు గొర్రెలు. అదీ ఒప్పందం.

లిబియాలో సిలీన్ అనే పట్టణం. ఊరి పక్కన సముద్రమంత చెరువు. చెరువులో డ్రాగన్. దాని ఊపిరి తగిలితే చాలు, మనుషులు పిట్టల్లా రాలిపోతారు. అది కోటగోడ దాకా రాకుండా ఉండాలంటే రోజూ రెండు గొర్రెల్ని తోలాల్సిందే. కొన్నాళ్లకు మందలు కరిగిపోయాయి. లెక్క మార్చారు... ఒక గొర్రె, ఒక మనిషి! చీటీలు తీసేవారు. ఎవరి పేరొస్తే ఆ ఇంటి బిడ్డ వెళ్లాలి. ఒకరోజు ఆ చీటీలో రాజుగారి కూతురి పేరే వచ్చింది. బంగారం ఇస్తాను, సగం రాజ్యం ఇస్తాను, పిల్లను వదిలేయమని రాజు కాళ్లావేళ్లా పడ్డాడు. జనం ససేమిరా అన్నారు. చట్టం చేసింది ఆయనే. తమ పిల్లలంతా పోయాక ఆయన పిల్లను మాత్రం దాచుకుంటానంటే ఎలా?

అమ్మాయి చెరువు గట్టున ఏడుస్తూ నిలబడి ఉంటే గుర్రం మీద అటుగా వచ్చాడు జార్జ్ అనే సైనికుడు. డ్రాగన్‌ను ఈటెతో పొడిచాడు. అక్కడికక్కడే చంపేశాడనుకుంటాం కదా. లేదు! నడికట్టు విప్పి దాని మెడకు కట్టమని రాజకుమారికి చెప్పాడు. ఆమె కట్టింది. అంత డ్రాగనూ పెంపుడు కుక్కలా ఆమె వెంట ఊళ్లోకి నడిచింది. ఊరంతా హడలిపోయింది. వాళ్లు క్రైస్తవం తీసుకుంటామన్నాకే జార్జ్ దాని తల నరికాడు. కళేబరాన్ని ఊరి బయటికి లాగడానికి నాలుగు జతల ఎడ్లు కావలసి వచ్చాయి.

ఇటలీకి చెందిన యాకొబస్ డి వొరాజినె అనే మతాచార్యుడు 13వ శతాబ్దంలో కూర్చిన 'గోల్డెన్ లెజెండ్'లోని కథ ఇది. ఎక్కడో విన్నట్టే ఉంది కదూ! బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి... ఏకచక్రపురంలో బకాసురుడి వంతు కూడా అచ్చం ఇంతే. కాకపోతే అక్కడికి వెళ్లింది భీముడు. తీసుకెళ్లిన అన్నం తనే తినేశాడు!

బకాసురుడి కథలో లేనిదొకటి జార్జ్ కథలో ఉంది. ఆ నడికట్టు. చెరువు నుంచి ఊరి దాకా ఆ కాసేపు డ్రాగన్ ఒక అమ్మాయి చేతిలో బుద్ధిగా నడిచింది. నూటపాతికేళ్లుగా ఫాంటసీ రచయితలు చేస్తున్నదల్లా ఆ నడకను పొడిగించడమే. చివర్లో తల నరకడం మానేశారు. మెడకు కట్టిన పట్టీ మాత్రం విప్పలేదు.

పుట్టింది పాములోంచే

నాలుగు కాళ్లు, గబ్బిలం రెక్కలు, నోట్లోంచి మంటలు... ఇదంతా తర్వాతి సింగారం. మొదట్లో అది ఉత్త పాము. గ్రీకుల 'డ్రాకోన్' అంటే పెద్ద పాము. చూడటం అనే అర్థమున్న ధాతువు నుంచి ఆ మాట వచ్చిందంటారు. రెప్ప వేయని చూపు కదా... అందుకేనేమో గ్రీకు కథల్లో దానికి ఎప్పుడూ వాచ్‌మన్ ఉద్యోగమే. బంగారు ఆపిళ్ల చెట్టు దగ్గర ఒకటి, బంగారు ఉన్ని దగ్గర ఇంకొకటి.

అంతకన్నా పాత కథ మన దగ్గరే ఉంది. ఋగ్వేదంలోని వృత్రుడు. వేదం అతణ్ని 'అహి' అంటుంది. అంటే పామే. నీళ్లన్నింటినీ చుట్టుకుని పడుకున్నాడు. ఇంద్రుడు వజ్రంతో కొడితే గానీ నదులు కదల్లేదు. ఆ 'అహి'కి తోబుట్టువు పారశీకుల 'అజి'. వాళ్ల అవెస్తాలో అజి దహాక అనే మూడు తలల భూతం ఉంది. ఆ మాటే ముదిరి 'అజ్దహా' అయి, పారశీం నుంచి ఉర్దూలోకి, ఉర్దూతో పాటు హైదరాబాద్ దాకా వచ్చింది.

తెలుగులో మాత్రం డ్రాగన్‌కు సొంత పేరు లేదు. బైబిల్‌ను తెనిగించినవాళ్లకు ఈ చిక్కు వచ్చిపడింది. ప్రకటన గ్రంథంలో ఏడు తలల ఎర్ర డ్రాగన్ ఉంటుంది మరి. వాళ్లు దాన్ని 'మహా ఘటసర్పం' అన్నారు. అంత బరువైన పేరు తెలుగులో దానికి మళ్లీ ఎవరూ పెట్టలేదు. ఆ గ్రంథంలో ఘటసర్పం అంటే సాక్షాత్తూ సాతాను. ఇక మధ్యయుగాల యూరప్‌లో దానికి బతికే దారేది? కనిపిస్తే చంపడమే పుణ్యం.

మన పురాణాలు ఈ విషయంలో అంత తేలిగ్గా తేల్చవు. వృత్రుణ్ని చంపిన ఇంద్రుడికి బ్రహ్మహత్యా పాతకం చుట్టుకుంది. భయపడి తామరతూడులో దూరి దాక్కున్నాడు. భాగవతానికొస్తే వృత్రుడు ఏకంగా మహాభక్తుడు! ఇక కాళియుడి సంగతి అందరికీ తెలిసిందే. యమున మడుగును విషం చేశాడు. కృష్ణుడు పడగల మీద తాండవమాడాడు. నాగకాంతలు కొంగులు పట్టి వేడుకుంటే ప్రాణం తీయకుండా సముద్రంలోని రమణకద్వీపానికి పొమ్మన్నాడు. చంపలేదు, మొక్కలేదు, సవారీకి వాడుకోలేదు. మడుగు ఖాళీ చేయించాడు, అంతే.

లంకెబిందెల దగ్గర

పరమ పిసినారి చచ్చి పామై పుడతాడని, పాతిపెట్టిన లంకెబిందెల మీద చుట్టుకుని పడుకుంటాడని పల్లెల్లో చెప్పుకుంటారు. 2011లో తిరువనంతపురం అనంతపద్మనాభస్వామి ఆలయ నేలమాళిగలు తెరిచినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? తెరవని ఒక్క గదికి 'నాగబంధం' ఉందంటూ టీవీలు రాత్రింబగళ్లు ఊదరగొట్టాయి. బంగారం ఉందంటే పాము ఉండాల్సిందే. ఈ నమ్మకం ఒక్క మనదే కాదు.

ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాతకెక్కిన వోల్సుంగ గాథలో ఫాఫ్నిర్ ఉన్నాడు. పుట్టుకతో డ్రాగన్ కాదు. ఒక తండ్రికి కొడుకు, ఒక తమ్ముడికి అన్న. తండ్రి దగ్గరున్న బంగారం కోసం ఆయన్నే చంపాడు. తమ్ముడికి వాటా ఎగ్గొట్టాడు. ఆ గుట్ట మీద పడుకుని పడుకుని మహాసర్పమైపోయాడు. సిగుర్డ్ అనే వీరుడు వాడు నీళ్లకు వెళ్లే దారిలో గొయ్యి తీసి, అందులో దాక్కుని కింది నుంచి గుండెలో పొడిచాడు. చచ్చిపోతూ ఫాఫ్నిర్ చెప్పిన మాట ఒక్కటే... ఆ బంగారం నిన్నూ బతకనివ్వదని. సిగుర్డ్ విన్నాడా? గుర్రం మీద బంగారం వేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత వాడి గతీ అంతే.

ఇంగ్లిష్ వాళ్ల పాత కావ్యం 'బేవుల్ఫ్' ఇంకో మెట్టు పైకెక్కింది. 3182 పంక్తుల ఈ కావ్యానికి మిగిలిన రాతప్రతి ఒక్కటే. వెయ్యేళ్ల నాటిది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో డ్రాగన్ 300 ఏళ్లు ఎవరి జోలికీ పోకుండా నిధి మీద నిద్రపోతుంది. యజమానికి భయపడి పారిపోయిన ఓ బానిస ఆ గుహలో దూరి ఒక్క గిన్నె ఎత్తుకెళతాడు. ఒక్క గిన్నె! దానికోసం డ్రాగన్ దేశమంతా తగలబెడుతుంది. 50 ఏళ్లు రాజ్యమేలిన ముసలి రాజు బేవుల్ఫ్ కత్తి పట్టుకుని వెళతాడు. వెంట వచ్చిన వీరుల్లో ఒక్కడు తప్ప అందరూ అడవిలోకి ఉడాయిస్తారు. డ్రాగన్ చస్తుంది, రాజూ చస్తాడు. అంత నిధినీ ఆయనతో పాటే మళ్లీ మట్టిలో కప్పెట్టేస్తారు. ఎవరికీ చిల్లిగవ్వ దక్కదు.

ఈ కావ్యాన్ని జీవితమంతా పాఠం చెప్పిన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జె.ఆర్.ఆర్.టోల్కిన్. డ్రాగన్ లాంటి భూతాలు ఆ కావ్యానికి అలంకారం కాదు, ప్రాణం అని 1936లో ఒక ఉపన్యాసమిచ్చి పండితుల నోళ్లు మూయించారు. మరుసటి ఏడాదే, 1937లో, ఆయన పిల్లల నవల 'ది హాబిట్' వచ్చింది. అందులోని స్మాగ్ పాత డ్రాగన్లకు అసలైన వారసుడు. ఇక్కడా దొంగతనం ఒక గిన్నెతోనే మొదలవుతుంది. గుట్టలో ఒక్క గిన్నె తగ్గితే స్మాగ్‌కు తెలిసిపోతుంది. ఆ బంగారంతో దానికి చిన్న ఉపయోగం కూడా లేదని గుర్తు చేసుకుంటే కథలోని వెటకారం అర్థమవుతుంది.

టోల్కిన్ అసలు దెబ్బ కొట్టింది మాత్రం స్మాగ్ చచ్చాక. డ్రాగన్ పోయింది, పీడ వదిలిందనుకుంటాం. కానీ దాని జబ్బు బంగారానికి అంటుకునే ఉంది. అప్పటిదాకా మంచివాడైన థోరిన్ నిధి చేతికి రాగానే మారిపోతాడు. సాయం చేసినవాళ్లకే పైసా ఇవ్వనంటాడు. కొండ కింద అయిదు సైన్యాలు మోహరిస్తాయి. పాత కథల్లో డ్రాగన్‌ను చంపడం తేలికే, దాని స్థానంలో తను కూర్చోకుండా ఉండటమే కష్టం. స్మాగ్‌కు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ గొంతిచ్చిన 2013 సినిమాలో మంటలు బోలెడన్ని ఉన్నాయి గానీ, ఈ జబ్బు సంగతి పుస్తకంలోనే బాగా పండింది.

తూర్పున అది దేవర

పడమటి డ్రాగన్ నీళ్లను కూడా విషం చేస్తుంటే, తూర్పు డ్రాగన్ వానలు కురిపిస్తోంది. రెండింటికీ ఒకే పేరు పెట్టడం యూరప్ వాళ్లు చేసిన పని. చైనావాళ్ల 'లూంగ్'కు రెక్కలుండవు, అయినా ఎగురుతుంది. మంటలు కక్కదు. నదుల్లో, సముద్రాల్లో, మబ్బుల్లో ఉంటుంది. నాలుగు సముద్రాలకు నలుగురు డ్రాగన్ రాజులు. వానలు వాళ్ల శాఖ. అయిదు గోళ్ల డ్రాగన్ చక్రవర్తి గుర్తు. మామూలు జనం ఆ బొమ్మ బట్టల మీద కుట్టించుకుంటే శిక్షే.

అలాగని భయభక్తులతో వంగి వంగి ఉండేవారా అంటే అదీ లేదు. వానలు పడకపోతే మనం కప్పతల్లిని ఊరేగిస్తాం, విరాటపర్వం చదివిస్తాం. చైనా పల్లెల్లో ఏం చేసేవారో తెలుసా? గుళ్లోంచి డ్రాగన్ రాజు విగ్రహాన్ని తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టేవారు. ఎండంటే ఏంటో కాస్త నువ్వూ చూడు అని! దేవుడితో అంత చనువు.

వియత్నాం వాళ్లు తాము డ్రాగన్ సంతతి అంటారు. హనోయ్ నగరాన్ని 1010లో రాజధాని చేసుకున్నప్పుడు దానికి పెట్టిన పేరు 'థాంగ్ లాంగ్'... ఎగిరే డ్రాగన్. భూటాన్‌లో ఉరుము అంటే డ్రాగన్ గొంతు. వాళ్ల దేశం పేరూ అదే, జెండా మీద బొమ్మా అదే. జపాన్ కథల్లో ఎనిమిది తలల ఒరోచీకి సారా తాగించి నరికిన సుసనోవో లాంటి వీరులూ ఉన్నారు గానీ, వాళ్ల సముద్రాల్లోనూ డ్రాగన్ దేవుళ్లు ఉన్నారు.

ఆ నమ్మకం ఇంకా చావలేదనడానికి ఒక లెక్క. చైనాలో ఏటేటా తగ్గిపోతున్న జననాలు 2024లో హఠాత్తుగా పెరిగాయి. 2023లో 90 లక్షల 20 వేలు. మరుసటి ఏడాది 95 లక్షల 40 వేలు. కోవిడ్ కాలంలో వాయిదా పడిన పెళ్లిళ్లు ఒక కారణమైతే, ఇంకోటి డ్రాగన్ సంవత్సరం. ఆ ఏడు పుట్టిన పిల్లలు అదృష్టవంతులని నమ్మకం. ఆ కొత్త సంవత్సరానికే చైనా మీడియా ఇంగ్లిష్‌లో 'డ్రాగన్' బదులు 'లూంగ్' అని రాయడానికి మొగ్గు చూపింది. మాది మీ రాక్షసి కాదు బాబూ అని చెప్పడమన్నమాట.

మా పత్రికలవాళ్లం మాత్రం వినే రకమా! సరిహద్దులో చైనా కదిలితే చాలు... 'డ్రాగన్ దుందుడుకు', 'బుసకొట్టిన డ్రాగన్' అని హెడ్డింగ్ సిద్ధం. 2021లో గుజరాత్ ప్రభుత్వమైతే డ్రాగన్ ఫ్రూట్ పేరు చైనాను గుర్తు చేస్తోందని 'కమలం' అని మార్చేసింది. పండు రుచి మాత్రం మారలేదు.

హాలీవుడ్‌కూ ఈ తేడా ఆలస్యంగా తెలిసింది. డిస్నీ 1998 'ములాన్'లో ముషూ అనే బల్లి సైజు డ్రాగన్‌ను హాస్యగాడిగా పెట్టింది. అమెరికా పిల్లలు పడీపడీ నవ్వారు. చైనాలో ఆ వెటకారం రుచించలేదు. 2020లో అదే కథను నటులతో మళ్లీ తీసినప్పుడు ముషూ గల్లంతు!

కవిత్వమంటే చెవి కోసుకునే డ్రాగన్

మళ్లీ ఇంగ్లండ్‌కు వెళదాం. అక్కడ మొదటి మెత్తని డ్రాగన్లలో ఒకటి 1898లో పుట్టింది. కెన్నెత్ గ్రహమ్ రాసిన 'ది రిలక్టెంట్ డ్రాగన్' అనే చిన్న కథ. ఈ డ్రాగన్‌కు పోట్లాటలంటే చిరాకు. కొండ మీద కూర్చుని పద్యాలు కట్టుకుంటూ ఉంటుంది. ఊరివాళ్లు సెయింట్ జార్జ్‌ను పిలిపిస్తారు. ఓ కుర్రాడు మధ్యవర్తిత్వం చేస్తాడు. ఎక్కడ పొడిస్తే నొప్పి ఉండదో ముందే మాట్లాడుకుని, జనం కోసం ఉత్తుత్తి యుద్ధం చేసి, సాయంత్రం అందరూ కలిసి విందు చేసుకుంటారు. డ్రాగన్‌ను చూసి జాలిపడొచ్చని పాఠకుడికి తెలిసింది అలాంటి కథలతోనే.

ఎందుకప్పుడే? అప్పటికి ఇంగ్లండ్‌లో రైళ్లు నడుస్తున్నాయి, అడవులు తరిగిపోయాయి. తోడేళ్లు ఏనాడో అంతరించాయి. 'డైనోసార్' అనే మాట పుట్టి అర్ధశతాబ్దం దాటింది. లండన్‌లోని ఓ పార్కులో వాటి బొమ్మలు పెడితే జనం టికెట్టు కొని చూశారు. భయపెట్టేది ఏదీ మిగలనప్పుడు, భయపెట్టిన వాటి మీద ప్రేమ పుడుతుంది. పులి విషయంలో మనకు జరిగిందీ అదే. ఊరిమీద పడినన్నాళ్లూ వేటాడాం. కనుమరుగయ్యే రోజొచ్చాక జాతీయ జంతువును చేశాం.

జాలి నుంచి సవారీకి మారడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. మార్చింది ఆన్ మెకాఫ్రీ. ఆమె 'పెర్న్' కథలు 1967లో మొదలయ్యాయి. మరుసటి ఏడాది వాటిలో మొదటిదానికి హ్యూగో అవార్డు వచ్చింది. కథలకు ఆ బహుమతి గెలిచిన తొలి మహిళ ఆమే. పెర్న్ అనే గ్రహం మీద ఆకాశం నుంచి దారాల్లా ఏదో రాలుతుంది, తగిలినదల్లా తినేస్తుంది. దాన్ని గాల్లోనే కాల్చేయడానికి డ్రాగన్లు కావాలి. డ్రాగన్ పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికి రాగానే ఎదురుగా ఉన్న కుర్రాళ్లలో ఒకరిని ఎంచుకుంటుంది. ఆ క్షణం నుంచి ఇద్దరిదీ ఒకటే మనసు. రౌతు పోతే డ్రాగన్ బతకదు. అందమైన ఊహ, కాదనలేం. కానీ ఫాఫ్నిర్‌తో పోల్చి చూడండి. ఇక్కడ డ్రాగన్‌కు సొంత నిధి లేదు, సొంత కోరిక లేదు. మనిషిని ప్రేమించడమే దాని ఉద్యోగం.

ఆ తర్వాత అందరిదీ ఇదే బాట. పదిహేనేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టిన క్రిస్టఫర్ పావొలీని 'ఎరగాన్'లో నీలిరంగు సఫీరా కూడా గుడ్డులోంచి నేరుగా హీరో ఒళ్లోకే వస్తుంది. రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' వరుసలో డ్రాగన్లు నచ్చనివాళ్లను కాల్చి బూడిద చేస్తాయి, నచ్చినవాళ్లను ఎక్కించుకుంటాయి. చదివేవాళ్లకు ఆ ఎంపికలోనే మజా... అంత పెద్ద భూతం వేలమందిలో నన్నే ఎంచుకుంది అనుకోవడం! 2025 జనవరిలో ఈ వరుసలో మూడోది 'ఆనిక్స్ స్టార్మ్' వస్తే మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి.

పిల్లలకు తెలిసిన డ్రాగన్ మాత్రం టూత్‌లెస్. 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' 2010లో వచ్చింది. 2025లో నటులతో మళ్లీ తీశారు. నల్లగా, పెద్ద కళ్లతో, పిల్లిలా ఒళ్లు విరుచుకునే టూత్‌లెస్‌ను ఎవరికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది. అందరూ దీన్ని స్నేహం కథ అంటారు. నిజమే. కానీ మధ్యలో ఒక చిన్న విషయం ఉంది. హికప్ అనే కుర్రాడు వల విసిరి కూల్చినప్పుడు టూత్‌లెస్ తోక రెక్క ఒకటి తెగిపోతుంది. ఆ కుర్రాడే దానికో కృత్రిమ రెక్క చేసిపెడతాడు. అది పని చేయాలంటే వీపు మీద కూర్చుని కాలితో తొక్కేవాడు ఉండాలి. అంటే మనిషి ఎక్కందే డ్రాగన్ ఎగరలేదు! సినిమా ఈ సంగతి దాచలేదు. 2019లో వచ్చిన మూడో భాగంలో హికప్ తనంతట తాను ఎగరగలిగే తోక చేసిస్తాడు. ఆ తర్వాత డ్రాగన్లన్నీ మనుషుల్ని వదిలి వెళ్లిపోతాయి. చాలామంది పిల్లలు ఆ ముగింపుకు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఈ సినిమాల్లో అన్నింటికన్నా నిజాయతీ ఉన్న ఘట్టం అదే.

మేకల కాపరి మూట

సవారీ అన్నాక అది బడికి వెళ్లడానికే కాదు, యుద్ధానికీ పనికొస్తుంది. జార్జ్ ఆర్.ఆర్.మార్టిన్ పట్టుకున్నది ఆ కొసనే. ఆయన నవలల వరుస 1996లో మొదలైంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పేరుతో టీవీలో 2011 నుంచి 2019 దాకా నడిచింది. ఆ కథలో డ్రాగన్లు అణ్వాయుధాల్లాంటివని మార్టిన్ స్వయంగా పోల్చారు. ఉన్నవాడికి ఎదురు లేదు. కానీ వాటితో ఊళ్లు కాల్చొచ్చు గానీ రాజ్యం నడపలేం.

2014లో వచ్చిన నాలుగో సీజన్ చివర్లో ఒక దృశ్యం ఉంది. బానిసలను విడిపించిన రాణి డనేరిస్ కొలువు తీరి ఉంటుంది. ఓ మేకల కాపరి గుడ్డమూటతో వస్తాడు. మేకల్ని తినేసిందని మొరపెట్టుకునేవాళ్లు అంతకుముందూ వచ్చారు, వాళ్లకు పరిహారం ఇచ్చి పంపింది. ఇతను మూట విప్పితే కాలిపోయిన చిన్న చిన్న ఎముకలు. మూడేళ్ల కూతురు. సిలీన్ గొర్రెలు, చీటీలు... అన్నీ ఈ ఒక్క మూటలో మళ్లీ వచ్చేశాయి. తేడా ఒక్కటే. అక్కడ జనం డ్రాగన్‌కు కప్పం కట్టారు. ఇక్కడ డ్రాగన్‌కు యజమాని ఉంది, ఆమె మంచి రాణి. ఆమె తన పిల్లల్లాంటి రెండు డ్రాగన్లను ఏడుస్తూ సొరంగంలో గొలుసులతో కట్టేస్తుంది. పాపను చంపిన మూడోది మాత్రం దొరకదు. 2019లో లొంగిపోయిన నగరాన్ని ఆమె ఆ మూడోదాని వీపెక్కే తగలబెట్టినప్పుడు అభిమానులు గగ్గోలు పెట్టారు. ఆఖరి సీజన్‌ను హడావుడిగా చుట్టేశారన్న మాట నిజమే. కానీ హఠాత్తుగా మారిందన్నవాళ్లు ఆ మూటను మర్చిపోయారు.

పాత కథలో ఊరిని కాల్చింది డ్రాగన్. కొత్త కథలో డ్రాగన్ వీపు మీదున్న మనిషి. ఈ ఒక్క మార్పు కోసమైనా మార్టిన్‌ను మెచ్చుకోవాలి. ఆ మధ్యనే మొదలైన 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' కూడా ఇదే బాటలో, ఒకే కుటుంబంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు డ్రాగన్లెక్కి కొట్టుకుంటే ఏమవుతుందో చూపిస్తోంది.

కూలి ఎంతిస్తారు?

జీను వేయని డ్రాగన్లు ఆధునిక ఫాంటసీలో లేవా అంటే ఉన్నాయి. తక్కువే గానీ ఉన్నాయి. అర్సులా లెగ్విన్ 1968లో మొదలుపెట్టిన 'ఎర్త్‌సీ' కథల్లో డ్రాగన్లు సృష్టికి మూలమైన భాష మాట్లాడతాయి. మనుషులు కష్టపడి నేర్చుకునే మంత్రభాష వాటికి మాతృభాష. మాంత్రికుడు గెడ్ ఒకసారి డ్రాగన్ వీపెక్కుతాడు. ఎక్కడం కాదు, అది ఎక్కించుకుంటుంది. పనయ్యాక దాని దారిన అది పోతుంది. 1990లో రాసిన 'టెహాను'లో, 2001 నాటి 'ది అదర్ విండ్'లో లెగ్విన్ ఇంకా లోతుకు వెళ్లారు. ఒకప్పుడు డ్రాగన్లు, మనుషులు ఒకటే జాతి అట. విడిపోయేటప్పుడు ఆస్తిపాస్తులు కావాలన్నవాళ్లు మనుషులయ్యారు, ఏమీ వద్దు గాలీ నిప్పూ చాలన్నవాళ్లు డ్రాగన్లయ్యారు. బంగారం మీద పడుకునేది ఎవరో ఆవిడ అలా తిరగేసి చెప్పారు.

నవోమీ నొవిక్ నవలలైతే చదువుతుంటే నవ్వూ వస్తుంది, గుచ్చుకుంటాయి కూడా. 2006 నుంచి 2016 దాకా తొమ్మిది వచ్చాయి. నెపోలియన్ యుద్ధాల కాలం. బ్రిటన్‌కు డ్రాగన్ల వైమానిక దళం ఉంది. ఫ్రెంచి ఓడ నుంచి కొల్లగొట్టిన గుడ్డులోంచి టెమెరేర్ పుడుతుంది. తీరా చూస్తే అది చైనా డ్రాగన్, నెపోలియన్‌కు కానుకగా వెళుతున్నది! దాంతో కెప్టెన్, డ్రాగన్ ఇద్దరూ చైనా వెళ్లాల్సి వస్తుంది. అక్కడ టెమెరేర్ కళ్లు తిరిగిపోతాయి. వీధుల్లో డ్రాగన్లు మనుషుల మధ్య దర్జాగా నడుస్తున్నాయి. చదువుకుంటున్నాయి. జేబులో... అదే, దగ్గర డబ్బులున్నాయి. బ్రిటన్‌లో మాత్రం డ్రాగన్లు ఊరికి దూరంగా కొట్టాల్లో ఉండి, పచ్చి ఆవుల్ని తిని, చెప్పిన చోటికి ఎగరాలి. ఇంటికి తిరిగొచ్చాక టెమెరేర్ అడగడం మొదలుపెడుతుంది. మాకు జీతమెందుకు లేదు? మేం యుద్ధం ఎందుకు చేయాలి? కెప్టెన్‌కు ఎంత ప్రేమ ఉన్నా జవాబు దొరకదు. తూర్పు డ్రాగన్‌ను పడమటి జీనులో పెట్టి చూపించిన కథ ఇది. ఇన్ని డ్రాగన్ సవారీలు చదివాక ఈ ప్రశ్నలు ఇంతకాలం ఎవరూ అడగలేదేమిటా అనిపిస్తుంది.

హయావో మియజాకీ సినిమా 'స్పిరిటెడ్ అవే' 2001లో వచ్చింది, 2003లో ఆస్కార్ గెలిచింది. అందులో హాకు అనే కుర్రాడు తెల్లని డ్రాగన్‌గా మారుతుంటాడు. తూర్పు డ్రాగన్, రెక్కలు లేకుండా గాల్లో నదిలా సాగుతుంది. ఒక మంత్రగత్తె దగ్గర పనికి కుదిరి, ఆమె చెప్పిన దొంగతనాలు చేస్తూ తన అసలు పేరే మర్చిపోయాడు. పేరు గుర్తొస్తే గానీ విడుదల లేదు. చిహిరో అనే పదేళ్ల పాప అతని వీపు మీద రాత్రి ఆకాశంలో వెళుతుండగా చిన్నప్పటి సంగతి ఒకటి జ్ఞాపకం వస్తుంది. బూటు కోసం వంగి ఒక నదిలో పడిపోయింది. నది తనను మెల్లగా ఒడ్డుకు చేర్చింది. ఆ నది పేరు కొహాకు. ఆ పేరు వినగానే డ్రాగన్ ఒంటి మీది పొలుసులన్నీ రాలిపోయి కుర్రాడు మిగులుతాడు. అతనే ఆ నది దేవుడు.

ఆ నది ఇప్పుడు లేదని, పూడ్చేసి అపార్ట్‌మెంట్లు కట్టేశారని అతనికి చెప్పేది కూడా ఆ పాపే.